కుండలో పోటు

రాజమండ్రిలో కంబాలచెరువు దగ్గర విశ్వనాథ్ గారి డీటీపీ షాపులో నాగదుర్గ రోజులో సగం పెళ్లి శుభలేఖలూ పెద్దకర్మ కార్డులూ కొడుతుంది, మిగతా సగం స్పానిష్ కొడుతుంది. స్పానిష్ ఆమెకి రాదు. రానక్కర్లేదు కూడా. కాకినాడ వైపు రొయ్యలు ప్యాక్ చేసే కంపెనీ ఒకటి, కోనసీమలో కొబ్బరిపొట్టుని ఇటుకల్లా అచ్చుపోసి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి, ఆ షాపుకి లేబుళ్ల పని ఇస్తాయి. సరుకు స్పెయిన్ వెళ్తుంది కాబట్టి అట్టపెట్టెల మీద అంటించేవి స్పానిష్‌లోనే ఉండాలి. వాళ్లు కాగితం మీద ఏది రాసి పంపితే అది ఉన్నదున్నట్టు కొట్టి ఇవ్వడం నాగదుర్గ పని.

ఉన్నదున్నట్టు అని చెప్పడం తేలికే. ఆ భాషవాళ్లు కొన్ని అచ్చుల నెత్తిన ఒక వాలుగీత పెడతారు, n నెత్తిన ఒక మెలిక పెడతారు. ప్రశ్న అడగబోతున్నామని ముందే చెప్పడానికి వాక్యం మొదట్లోనే ప్రశ్నార్థకాన్ని తలకిందులుగా నిలబెడతారు. మన కీబోర్డు చేసినవాళ్లకి ఇవేవీ గుర్తు రాలేదు. పోనీ ఎక్కడినుంచో కాపీ చేసి తెచ్చి పెడదామంటే, షాపులో ఉన్న పాత పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఒప్పుకోదు. గీత ఉన్న అక్షరం రావాల్సిన చోట ఒక ఖాళీ డబ్బా చూపించి ఊరుకుంటుంది. అందుకని నాగదుర్గ ఎడమచేత్తో ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడిచేత్తో పక్కనున్న అంకెల మీటల మీద సున్నా, రెండు, నాలుగు, ఒకటి కొడుతుంది. ఆల్ట్ వదలగానే మెలికతో సహా ñ వచ్చి కూర్చుంటుంది. నొక్కినంతసేపూ ఏమీ కనిపించదు, వదిలాకే అక్షరం వస్తుంది. కొత్తలో ఆమెకి అదే చిత్రంగా ఉండేది. తర్వాత ఆ అంకెలన్నీ ఎక్కాల్లా నోటికి వచ్చేశాయి.

విశ్వనాథ్ గారు అమలాపురం అవతల అగ్రహారం మనిషి, ఒకప్పుడు కాలేజీలో టైపు నేర్పేవారు. ఇంత అవస్థ ఎందుకని ఆయన ఒకసారి కంప్యూటర్లో కీబోర్డు అమరిక మార్చేశారు. కొటేషన్ గుర్తు నొక్కి అచ్చు నొక్కితే గీత దానంతటదే వస్తుందని చూపించి మురిసిపోయారు. ఆ మధ్యాహ్నమే మండపేట నుంచి వచ్చిన శుభలేఖలో తెలుగు అక్షరాలన్నీ కలగాపులగమై పెళ్లికొడుకు తాతగారి పేరు చదవడానికి వీల్లేకుండా పోయింది. ఆయన మళ్లీ పాత అమరికే పెట్టేసి, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

షాపు కట్టేశాక నాగదుర్గ ఆటో ఎక్కి సీతంపేట వెళ్తుంది. అక్కడ సీతారామలక్ష్మి గారి ఇంట్లో ఒక పోర్షన్‌లో ఆమె, అత్త సుబ్బాయమ్మ ఉంటారు. సొంత ఊరు అంతర్వేది దగ్గర పాలెం. సుబ్బాయమ్మకి ఒక్కడే కొడుకు సురేష్‌బాబు. పెళ్లయిన రెండేళ్లకి, వలలో చేపల కంటే ప్లాస్టిక్ కవర్లే ఎక్కువ పడుతున్నాయని విసిగిపోయి, ఏజెంటుని పట్టుకుని స్పెయిన్‌వాళ్ల వేట ఓడ మీద పనికి వెళ్లాడు. మనిషి లేని ఇంట్లో కూర్చుని ఏం చేస్తామని అత్తాకోడళ్లు రాజమండ్రి వచ్చేశారు. వస్తూ కుండ కూడా తెచ్చుకున్నారు.

ఆ పాలెంలో మగవాడు వేటకి వెళ్తే ఇంటి ఆడది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట, కుండెడు నీళ్లు ముంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకుంటుంది. అతను ఏ నీళ్లలో ఉంటే ఆ నీళ్ల పోటూ పాటూ కుండలో కనిపిస్తాయి. అక్కడ పోటు వస్తే ఇక్కడ నీళ్లు అంచుదాకా లేస్తాయి. పాటు తీస్తే కుండ మెడ కిందికి దిగిపోతాయి. అతను ఒడ్డెక్కితే ఇక కదలవు. కుండ చెప్పేది అంతవరకే. మనిషి బాగున్నాడా, తిన్నాడా, అసలు బతికే ఉన్నాడా అన్నది దానికి తెలియదు. నీళ్లలో ఉన్నాడు, లేదంటే ఒడ్డున ఉన్నాడు. పాలెం ఆడవాళ్లు కుండ వైపు ఓ చూపు చూసి అన్నం పొయ్యి మీద పెట్టాలో ఇంకాసేపు ఆగాలో తేల్చుకుంటారు.

సీతారామలక్ష్మి గారు ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు కుండ కింద పళ్లెం పెట్టుకోమని, గచ్చు కొత్తగా చేయించామని చెప్పారు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

పోయిన కార్తీకంలో ఏజెంటు ఫోన్ చేశాడు. గాలివానలో వల లాగుతుంటే తాడు కాలికి చుట్టుకుని సురేష్‌బాబు నీళ్లలో పడిపోయాడని, వెతికారని, దొరకలేదని చెప్పాడు. ఓడవాళ్లు చాలా విచారిస్తున్నారని కూడా చెప్పాడు. నాగదుర్గ ఫోన్ పక్కన పెట్టి కుండ వైపు చూసింది. నీళ్లు ఎప్పటిలాగే మెల్లగా పైకి వస్తున్నాయి. సుబ్బాయమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఏడవలేదు. ఏడవడానికి వీలు లేదు, కుండ కదులుతోంది.

వాళ్లలో అదే పద్ధతి. కుండ కదులుతున్నంతకాలం కర్మ చెయ్యరు, బొట్టు తియ్యరు, ఆ ఇంటికి పరామర్శకి ఎవరూ రారు. మనిషి మట్టిని తాకకుండా పోయినట్టు కాదని వాళ్ల నమ్మకం. నాగదుర్గ మర్నాడు బొట్టు పెట్టుకుని షాపుకి వెళ్లింది. ఎవరిదో పెద్దకర్మ కార్డు ఉంటే కొట్టింది. ఫొటో చుట్టూ పూలదండ పెట్టింది, పేరు కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ వేసింది. ఇలాంటి కార్డు తన ఇంట్లోంచి ఎప్పటికైనా వస్తుందా అనిపించింది. ఆ ఊహకి తనమీద తనకే అసహ్యం వేసి బయటికెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె కంప్యూటర్లో స్పెయిన్ రేవుల పోటు వేళలు చూసేది. ఏ రేవులో ఎన్నింటికి పోటు వస్తుందో, ఎన్నింటికి తీస్తుందో వాళ్లు ముందే వేసి పెడతారు. ఆ వేళల్ని మన వేళల్లోకి మార్చుకుని, ఇంట్లో కుండ నిండిన వేళతో పోల్చుకునేది. నీళ్ల దగ్గర పుట్టి పెరిగింది కాబట్టి పోటు సంగతి ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొన్నాళ్లకి ఒక తీరం తేలింది. మ్యాపులో చూస్తే కొండల కింద చిన్న చిన్న పల్లెలు వరసగా ఉన్నాయి. ఆ నీళ్లలోనే ఎక్కడో ఉన్నాడు. సాయంత్రాలు ఆ తీరం ఫొటోలు చూసేది. అక్కడా పడవలకి నీలం రంగే వేస్తారని అత్తకి చెప్పింది.

మాఘమాసంలో ఒకరోజు ఆమె షాపునుంచి వచ్చేసరికి కుండలో నీళ్లు కదలడం లేదు. పోటు వేళ దాటిపోయింది, అయినా సగానికే ఉన్నాయి. సుబ్బాయమ్మ పొద్దున్నుంచీ ఇలాగే ఉందని చెప్పి కళ్లొత్తుకుంది. వాడు ఎక్కడో ఒడ్డుకి చేరాడమ్మా, ఇన్నాళ్ల తర్వాత ఇంకేం ఆశ, కర్మ చేసేద్దాం, పాలెంకి కబురు పెడతానంది.

వేరే ఎవరైనా అయితే ఒప్పుకునేవాళ్లే. నాగదుర్గ మాత్రం అలా ఆలోచించలేదు. ఒడ్డెక్కాడంటే ఒడ్డున ఉన్నవాళ్లు ఎవరో ఒకరు చూసి ఉంటారు. చూసినవాళ్లని అడగాలి. ఇన్నాళ్లూ ఏ పడవ మీదో ఉండి, ఇప్పుడు దెబ్బలతో మాట రాక ఏ ఆసుపత్రిలోనైనా పడి ఉన్నాడేమో. లేదంటే ఎవరో తెలియని శవమని ఎక్కడైనా పాతిపెట్టేశారేమో. రెండిట్లో ఏదైనా సరే, అతను ఫలానా అని చెప్పేవాళ్లు ఒకరుండాలి కదా. ఆ రాత్రి సుబ్బాయమ్మ ఎన్ని విధాల చెప్పినా ఆమె వినలేదు.

మర్నాటినుంచీ మధ్యాహ్నం అన్నం తినే వేళలో ఆ పల్లెలకి ఉత్తరాలు కొట్టడం మొదలుపెట్టింది. విషయం విశ్వనాథ్ గారు ఇంగ్లీషులో రాసి పెట్టారు, దాన్ని కంప్యూటరే స్పానిష్‌లోకి మార్చింది. ఈమెయిల్లో అయితే కాపీ చేసి పెట్టినా గీతలు పోవు, ఒక్క నిమిషం పని. ఆమె కాపీ చెయ్యలేదు. ఒక పక్కన అది తెరిచి పెట్టుకుని చూస్తూ, ఒక్కో ఊరికీ ఒక్కో అక్షరం తనే కొట్టింది. ఊరి పేరులో గీత ఉంటే గీత, మెలిక ఉంటే మెలిక. ప్రశ్న మొదట్లో తలకిందుల ప్రశ్నార్థకం కోసం సున్నా, ఒకటి, తొమ్మిది, ఒకటి.

విశ్వనాథ్ గారు కొన్నాళ్లు చూసి, ఇక ఉండబట్టలేక అడిగారు.

"అమ్మాయ్, గీతలు లేకపోయినా చేరాల్సిన చోటికే చేరుతుంది కదా. చేతులు నొప్పెట్టేలా ఎందుకు కొడతావు?"

"మన ఊరి పేరు గుళ్లూ దీర్ఘాలూ ఎగరగొట్టి రాసి, మా మనిషిని వెతికిపెట్టండని అడిగితే మనకెలా ఉంటుందండి? అడిగేది నేనే కదా సార్. నా చేత్తోనే అడుగుతాను."

మర్నాడు ఆయన కొత్త కీబోర్డు తెచ్చి పెట్టారు, పాతదానిలో సున్నా గట్టిగా నొక్కితేగానీ పడడం లేదని.

ఆ ఉత్తరంలో ఆమె ఏదీ దాచలేదు. మా కుండ ఫలానా రోజున ఆగింది, కాబట్టి అతను మీ తీరంలో ఎక్కడో ఒడ్డెక్కాడు, మీకు ఎవరైనా కనిపించారా అని రాసింది. మనిషి ఆనవాళ్లు రాసింది. చామనఛాయ, కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ, నడుముకి వెండి మొలతాడు, దానికి నరసింహస్వామి బిళ్ల.

చాలా ఊళ్లు జవాబివ్వలేదు. కొన్ని ఊళ్లు మర్యాదగా లేదని రాశాయి. పెన్యసోల అనే పల్లెనుంచి మాత్రం అక్కడి పంచాయతీ ఆఫీసులో పనిచేసే బెగోన్య అనే ఆవిడ పెద్ద జవాబు రాసింది. మీ ఉత్తరం అందాక చర్చి ఫాదర్ గారిని, డాక్టరుని, పడవలవాళ్లని అందరినీ అడిగాను, మీరు చెప్పిన రోజున ఇక్కడ ఎవరూ ఒడ్డుకి రాలేదు, నన్ను క్షమించండి అని రాసింది. మా వైపు పూర్వం దీపం పెట్టి చూసేవారట, కుండ సంగతి నాకు తెలియదు, ఆగిన కుండ మళ్లీ కదలడం ఉంటుందా అని అడిగింది. నాగదుర్గ తన జవాబులో ఆవిడ పేరు మెలికతో సహా కొట్టింది. తిరుగు జవాబులో ఆవిడ, కరెంటు బిల్లులో కూడా నా పేరు ఇంత సరిగ్గా రాదమ్మా అని రాసింది.

ఎండలు ముదిరాయి. తీరంలో ఊళ్లు అయిపోవచ్చాయి. నాగదుర్గ రోజూ పొద్దున్నే స్నానం చేసి కుండకి దండం పెట్టుకుని షాపుకి వెళ్లేది. నీ బిడ్డని ఒడ్డుకి చేర్చావు, ఆ ఒడ్డేదో చెప్పు తల్లీ అని గోదారమ్మని అడిగేది. ఆమె మొహంలో ఆశ చూసి సుబ్బాయమ్మ రోజురోజుకీ కుంగిపోతూ ఉండేది. అన్నం సరిగ్గా తినేది కాదు. కొడుకు దిగులు కాబోలని కోడలు అనుకుంది.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం నాగదుర్గ గుమ్మం తుడుస్తూ కుండ పక్కకి జరిపింది. నీళ్లు తొణికి ఆమె చేతి మీదా మొహం మీదా పడ్డాయి. పెదవికి తగిలిన నీళ్లు చప్పగా ఉన్నాయి. ఆమె వేలు ముంచి నాలికకి రాసుకుంది. మళ్లీ ముంచి రాసుకుంది. ఉప్పు లేదు.

సుబ్బాయమ్మ పెరట్లో చేపలు తోముతోంది. నాగదుర్గ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఇవి గట్టు నీళ్లు కావు కదత్తా."

సుబ్బాయమ్మ చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

"కావు. ఈ నూతి నీళ్లే."

ఎందుకు పోసిందో అత్తే చెప్పుకొచ్చింది.

"మీ మావయ్య పోయేటప్పటికి నీ మొగుడు చంకలో ఉన్నాడు. కుండ ఆగడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తొమ్మిదేళ్లూ బొట్టు పెట్టుకున్నాను, పువ్వులు పెట్టుకున్నాను, ఎవరికోసం పెట్టుకుంటున్నానో తెలీదు. పండక్కి ఎవరూ పిలవరు, చావుకీ పిలవరు. నీకలా అవకూడదనుకున్నాను. కుండ ఆగితే నాలుగు రోజులు ఏడుస్తావు, కర్మ చేస్తావు, ఆపైన నీ బతుకు నువ్వు చూసుకుంటావనుకున్నాను. నువ్వేమో ఒడ్డెక్కాడని ఊళ్లూ ఊళ్లూ వెతకడం మొదలెట్టావు. ఇంక చెప్పడానికి నాకు నోరు రాలేదే దుర్గా."

"పొద్దున్నే దండం పెట్టుకునేదాన్ని," అంది నాగదుర్గ. "నూతి నీళ్లకి."

అంతకంటే పెద్ద మాట ఆమె అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు అత్తతో మాట్లాడనూ లేదు. ఒక పక్క కోపం, దాని కింద తట్టుకోలేనంత దుఃఖం. ఇన్ని నెలలూ ఎక్కడో మంచం మీద పడి ఉన్నాడని, ఎవరో నీళ్లు తాగిస్తున్నారని, ఎప్పటికో నోరు తెరిచి తన పేరు చెబుతాడని ఆమె లోపల్లోపల నమ్మింది. ఆ మనిషి ఇప్పుడు రెండోసారి పోయాడు.

మళ్లీ నీళ్లు తేవాలి కాబట్టి ఇద్దరూ కలిసే అంతర్వేది వెళ్లారు. నాగదుర్గ మోకాలి లోతు దిగి కుండ ముంచింది. పైకి తీసేలోపే నీళ్లు చేతిలో బరువుగా కదిలాయి. తిరుగు ప్రయాణంలో నరసాపురం దగ్గర బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు కొడుతూ కుండలోకి వంగి చూశాడు.

"పోటు మీదుందమ్మా. కింద పెడితే ఒలికిపోద్ది, ఒళ్లో పెట్టుకోండి."

నాగదుర్గ కుండని ఒళ్లోకి తీసుకుని రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకుంది. నీళ్లు అంచుదాకా వచ్చి ఆమె చీరని తడుపుతూనే ఉన్నాయి. పక్క సీట్లో సుబ్బాయమ్మ కిటికీ వైపు తిరిగి దారిపొడుగునా ఏడ్చింది.

షాపుకి వెళ్లాక నాగదుర్గ చేసిన మొదటి పని అన్ని ఊళ్లకీ మళ్లీ ఉత్తరం కొట్టడం. మా ఇంట్లో పొరపాటు జరిగింది, అతను ఇంకా నీళ్లలోనే ఉన్నాడు, మిమ్మల్ని అనవసరంగా శ్రమపెట్టాను, క్షమించండి అని రాసింది. అత్త చేసిందని రాయలేదు. ఈసారి జవాబు ఒక్క బెగోన్య దగ్గరనుంచే వచ్చింది. అయితే ఇంకా రావాల్సి ఉందన్నమాట, మా పడవలవాళ్లందరికీ ఆనవాళ్లు చెప్పి ఉంచాను, ఆఫీసు గోడకి కాగితం కూడా అంటించాను, మేము చూస్తూ ఉంటాం అని రాసింది.

శ్రావణం వెళ్లింది, వినాయకచవితి వెళ్లింది. నాగదుర్గ రోజూ బొట్టు పెట్టుకుని షాపుకి వెళ్లింది, శుభలేఖలూ లేబుళ్లూ కొట్టింది. అత్తతో మాటలు మెల్లగా మొదలయ్యాయి. కూరలో ఉప్పు ఎక్కువైందనీ కరెంటు పోయిందనీ, అలాంటి మాటలే. కుండ రెండు పూటలా నిండుతూ దిగుతూ ఉండేది. దానివైపు ఇద్దరిలో ఎవరూ ఎక్కువసేపు చూసేవారు కాదు.

దసరా ముందు ఒక ఉదయం నాగదుర్గ జడ వేసుకుంటుండగా కుండ ఆగింది. సగం పైకి లేచిన నీళ్లు అక్కడే నిలబడిపోయాయి. ఆమె జడ వదిలేసి వచ్చి చూసింది. వేలు ముంచి నాలికకి రాసుకుంది. ఉప్పగా ఉంది. సుబ్బాయమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, నేను ముట్టుకోలేదే తల్లీ అంది. తెలుసత్తా అంది నాగదుర్గ.

షాపుకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ రోజు ఏ జవాబూ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. విశ్వనాథ్ గారు ఇంగ్లీషులోకి మార్చి చదవబోయి ఆగి, స్క్రీను ఆమె వైపు తిప్పారు.

లోతు నీళ్లలో వేసిన వలలో ఎముకలు వచ్చాయని బెగోన్య రాసింది. పడవవాళ్లు వాటిని ఒక గుడ్డలో చుట్టి ఒడ్డుకి తెచ్చారట. తెచ్చిన వేళ కూడా రాసింది, మన వేళల్లోకి మార్చుకుంటే అది కుండ ఆగిన వేళే. వాటితోపాటు వెండి గొలుసులాంటిది, దానికి సింహం మొహమున్న బిళ్ల ఉంది. పడవ నడిపే పెద్దాయన ఒడ్డున దిగుతూనే, మనం ఎదురుచూస్తున్న మనిషి వచ్చాడని చెప్పాడట. ఆ తర్వాత ఇలా ఉంది.

"ఇక్కడ సముద్రం ఎవరినైనా తెచ్చి పడేస్తే, వాళ్లెవరో తెలియదు కాబట్టి శ్మశానం గోడలో ఒక అరలో పెట్టి, మీద ఒక అంకె వేసి మూసేస్తాం. మా గోడలో అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఈయనకి పేరుంది. రాయి మీద ఎలా చెక్కాలో మీరు కొట్టి పంపండి. మీరు ఎలా కొడితే అలాగే చెక్కిస్తాను. లేదు, మీ ఊరు తీసుకెళ్తామంటే ఆ ఏర్పాట్లు కూడా నేను చూస్తాను."

నాగదుర్గ సాయంత్రం ఇంటికి వెళ్లి అత్తకి మొత్తం చెప్పింది. ఎముకలు తెప్పించుకోవచ్చని, ఆఫీసులతో తాను మాట్లాడతానని విశ్వనాథ్ గారు అన్నట్టు కూడా చెప్పింది. సుబ్బాయమ్మ కుండ వైపు తిరిగింది.

"ఒడ్డెక్కాడు కదా," అంది. "మళ్లీ నీళ్లు దాటించడం ఎందుకు? అక్కడే ఉండనీ."

తర్వాత ఆమె కోడలి మొహంలోకి చూడలేక కిందికి చూస్తూ, నెలల తరబడి నీకు లేనిపోని ఆశ పెట్టాను, నా పాపం ఎక్కడికి పోతుందని అంది.

"నువ్వు నూతి నీళ్లు పొయ్యకపోతే ఒడ్డెక్కాడని నేను అనుకునేదాన్ని కాదు. ఆ ఊరికి రాసేదాన్నీ కాదు. ఈరోజు వాళ్లు ఆయన్ని గోడలో పెట్టి అంకె వేసేసేవాళ్లు. నాకు ఇక్కడ కుండ ఆగేది, ఎక్కడ ఆగాడో ఎప్పటికీ తెలిసేది కాదత్తా."

మర్నాడు ఆమె ఆ పేరు కొట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు, ఇంటిపేరు. ఇన్ని నెలలుగా ఆ ఊళ్ల పేర్లు కొట్టి కొట్టి ఎడమచెయ్యి దానంతటదే ఆల్ట్ మీద పడి ఉంది. ఆ పేరుకి ఏ గీతా అక్కర్లేదు, ఏ మెలికా అక్కర్లేదు. నాలుగు సెకన్లలో అయిపోయింది. అంత త్వరగా అయిపోయినందుకు ఆమెకి దుఃఖం ఆగలేదు. షాపులో అందరి ముందూ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. శుభలేఖ కోసం వచ్చి కూర్చున్న జంగారెడ్డిగూడెం దంపతులు లేచి మెల్లగా బయటికి వెళ్లి నిలబడ్డారు.

పెద్దకర్మ కార్డు తాను కొడతానని విశ్వనాథ్ గారు అన్నారు గానీ ఆమె ఒప్పుకోలేదు. ఫొటో చుట్టూ పూలదండ తనే పెట్టింది. పోయిన తేదీ దగ్గర ఆగి, కార్తీకం తేదీ వెయ్యాలా, ఒడ్డెక్కిన తేదీ వెయ్యాలా అని ఆలోచించి, ఒడ్డెక్కిన తేదీ వేసింది.

కర్మ అంతర్వేదిలోనే జరిగింది. పాలెం ఆడవాళ్లు గాజులు తియ్యడానికి నాగదుర్గ దగ్గరికి వస్తే సుబ్బాయమ్మ అడ్డం నిలబడింది. నా కోడల్ని ఎవరూ ముట్టుకోవద్దు, తియ్యాలో వద్దో అదే చూసుకుంటుందని చెప్పింది. ఆమె మొహం చూసి వాళ్లు వెనక్కి తగ్గారు. బెగోన్య పంపిన ఫొటో ఫోన్లో అందరూ చూశారు. తెల్లటి గోడ, గోడలో ఒక రాయి, రాయి మీద పేరు. చుట్టూ ఉన్న అరల మీద ఒట్టి అంకెలున్నాయి. అతని రాయి కింద ఎవరో పసుపుపచ్చ పూలు పెట్టారు.

అందరూ వెళ్లిపోయాక ఒక పని మిగిలింది. మగవాడు వేటనుంచి తిరిగి వస్తే ఆ కుండ నీళ్లతోనే అతనికి మొదటి ముద్ద వండి పెట్టాలి. ఆ నీళ్లు పారబొయ్యకూడదు. సుబ్బాయమ్మ పాలెం ఇంటికి వెంట తెచ్చుకున్న కుండ ఎత్తుకెళ్లి పొయ్యి దగ్గర పెట్టి, గిన్నెలోకి నీళ్లు వంచి, కడిగిన బియ్యం అందులో పోసింది. అన్నం ఉడికాక సురేష్‌బాబు తినే కంచంలో వడ్డించి, ఎవరి ముందు పెట్టాలో తెలియక దాన్ని పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. తర్వాత వచ్చి నాగదుర్గ ముందు పెట్టింది.

నాగదుర్గ కూరా పులుసూ ఏమీ అడగలేదు. ఒట్టి అన్నమే కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. గొంతు దిగడం కష్టమయ్యేంత ఉప్పగా ఉంది. దూరదేశం సముద్రంలో పది నెలలు నానిన మనిషి ఉప్పు అది. మెల్లగా నమిలి మింగింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది సుబ్బాయమ్మ.

"సరిపోయిందత్తా. నువ్వూ కూర్చో."

సుబ్బాయమ్మ ఎదురుగా కూర్చుంది. నాగదుర్గ కంచం మధ్యకి జరిపింది. ఇద్దరూ ఒకే కంచంలోంచి మెతుకు మిగలకుండా తిన్నారు.